ఆరని పరుపు

ఆ ఏడు వానలూ నా కాలేజీ చదువూ ఒకేసారి మొదలయ్యాయి. నాకప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. అప్పటికీ నేను పక్క తడిపేదాన్ని.

ఆ రోజుల్లో ఈ మాట మనసులో కూడా ఇంత సూటిగా అనుకునేదాన్ని కాదు. 'అది' అనుకునేదాన్ని. అమ్మ కూడా 'అది' అనే అనేది. "అది అయిందా?" అనో, "అది కాలేదు కదా?" అనో గుసగుసగా అడిగేది. మా ఇంట్లో మా ఇద్దరికే అర్థమయ్యే మాట అది.

నాన్న నైట్ బస్సు డ్రైవరు. రాత్రి భోంచేసి డ్యూటీకి వెళ్తే తెల్లవారాకే మళ్ళీ ఇంటికి రావడం. నాన్నమ్మ ముందు గదిలో పడుకునేది, ఆవిడకి చెవులు మందం. వెనక గదిలో అమ్మా నేనూ. రోజూ రెండింటికి అమ్మ నన్ను లేపి, భుజం పట్టుకుని బాత్రూం దాకా నడిపించి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేది. నాకు సగం తెలిసేది, సగం తెలిసేది కాదు. పెద్దయ్యేకొద్దీ పక్క తడవడం తగ్గింది. ఎప్పుడో ఒకసారి. నాకు నయమైపోయిందనే అనుకున్నాను. నయం కాలేదు. అమ్మ లేస్తోంది, అంతే. ఆ సంగతి హాస్టల్లో చేరాక గానీ తెలిసిరాలేదు.

చేర్చడానికి అమ్మే వచ్చింది. గదికి ఇద్దరం. కిటికీ పక్క మంచం మీద ఒకమ్మాయి అప్పటికే సామానంతా సర్దేసుకుని కాళ్ళూపుకుంటూ కూర్చుంది. మేం గుమ్మం దగ్గర చెప్పులు విప్పేలోపే తన మార్కులు, తన గ్యాస్ట్రిక్ ట్రబులు, వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో అన్నీ చెప్పేసింది. వారం తిరక్కుండానే హాస్టలంతా ఆ అమ్మాయిని 'రేడియో' అని పిలవడం మొదలుపెట్టింది.

"కాస్త ఈ సీసాలో నీళ్ళు పట్టుకొస్తావా తల్లీ? దారంతా ఎండిపోయాం," అని అమ్మ ఆ పిల్లని బయటికి పంపింది. అటు వెళ్ళగానే సంచి అడుగు నుంచి రబ్బరు షీటు లాగింది. ఆస్పత్రుల్లో చంటిపిల్లల కింద వేస్తారే, ఆ ఎర్రటి షీటు. దాన్ని పరుపు మీద పరిచి, పైన తను కుట్టిన బొంత వేసి, ఆ పైన దుప్పటి కప్పి నాలుగు వైపులా లోపలికి దోపింది. అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఎలాంటి గుడ్డయినా ఆమె చేతికింద చెప్పినమాట వింటుంది.

"ఫోన్లో రెండింటికి అలారం పెట్టాను. సాయంత్రం దాటాక నీళ్ళు ముట్టకు."

"ఊఁ."

"ఒకవేళ అయితే, ఎవరూ లేవకముందే ఉతికేసుకో. ఎంత స్నేహమైనా సరే, ఎవరితోనూ అనకు. రేపు పెళ్ళి కావాల్సినదానివి, ఒకసారి పేరు పడితే..."

"తెలుసమ్మా. ఆ పిల్ల వస్తోంది."

మొదటి రాత్రి అలారం మోగింది. రేడియో లేచింది. పక్క గదిలో ఇద్దరు లేచారు. నేను లేవలేదు.

"ఏం నిద్రే బాబూ అది!" అంది రేడియో పొద్దున్నే పళ్ళు తోముకుంటూ. "నీ ఫోను నేనే వెతికి ఆపాను. అసలు రెండింటికి నీకేం పని?"

"చదువుకుందామని."

"ఇంకా ఒక్క క్లాసు కూడా అవ్వలేదు కదే!"

సాయంత్రానికి మెస్సులో అందరికీ తెలిసిపోయింది, పదకొండో నంబరు గదిలో రాత్రి రెండింటికి లేచి చదివే పిల్ల ఉందని. నాకు 'ర్యాంకు' అని పేరు పెట్టారు. "ర్యాంకూ, కాస్త పక్కకి జరుగు," "ర్యాంకూ, నీ నోట్సు ఒకసారి ఇస్తావా?" నేను నవ్వేదాన్ని.

నాలుగో రోజు తెల్లవారుజామున తడిలో మెలకువ వచ్చింది. కాసేపు కదలకుండా పడుకున్నాను. కదిలితే నిజమైపోతుందన్నట్టు. తర్వాత లేచి, దుప్పటీ బొంతా చుట్టచుట్టి, బాత్రూంలో నల్లా సన్నగా వదిలి ఉతికాను. గదిలోకి వచ్చేసరికి రేడియో మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఇంత పొద్దున్నే ఉతుకుడేంటి?"

"దుమ్ము పడదు నాకు. తుమ్ములొస్తాయి."

"అవునా, మా పెదనాన్నకీ అంతే," అని పెదనాన్న తుమ్ముల కథ అందుకుంది. ఏ అబద్ధం చెప్పినా ఆ పిల్ల నమ్మేది. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అలారం ఆపేశాను. దాని వల్ల లేచేది నేను కాదు కదా. మధ్యాహ్నం భోజనం తర్వాత నీళ్ళు మానేశాను. రాత్రి గోడకి చేరగిలబడి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోకూడదని కూర్చునేదాన్ని. దాంతో 'ర్యాంకు' పేరు ఇంకా గట్టిపడింది. పగలు క్లాసుల్లో తల వాలిపోయేది. కెమిస్ట్రీ మేడం ఒకసారి పాఠం ఆపి, "ర్యాంకు గారు నిద్రలో కూడా ఫార్ములాలు బట్టీపడుతున్నట్టున్నారు," అంది. క్లాసంతా గొల్లుమంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. అంతకంటే పెద్ద సిగ్గు కడుపులో ఉన్నప్పుడు చిన్నచిన్నవి అంటవు.

ల్యాబులో జరిగింది మాత్రం అంటింది. ఆ రోజు అమ్మోనియా పరీక్ష. ఎవరో సీసా మూత తియ్యగానే ఘాటు గుప్పుమంది. "అబ్బా, ఎవరో పక్కలో పోసినట్టుంది!" అంది నా వెనక బల్ల దగ్గరి పిల్ల. అందరూ నవ్వారు. నా చేతిలో పరీక్షనాళిక జారి సింకులో పడి పగిలింది. ఎవరూ నన్ను ఉద్దేశించి అనలేదని తెలుసు. అయినా ఇంటర్వెల్లో బాత్రూంలోకి వెళ్ళి నా చున్నీ, చేతులు, జడ వాసన చూసుకున్నాను. ఆ రోజు నుంచీ ఎవరైనా నా పక్కన కూర్చుని ముక్కు రుద్దుకుంటే చాలు, లేచి దూరంగా జరిగేదాన్ని.

వాన తెరిపివ్వలేదు. దుప్పటి ఉతికితే వరండా తీగ మీద రెండు రోజులకి గానీ ఆరేది కాదు. దానికి తోడు ఇంకో తప్పు చేశాను. పక్క మీద దొర్లినప్పుడల్లా రబ్బరు షీటు కిరకిరలాడేది. "నీ పరుపులో ఎలకలేమైనా ఉన్నాయేమో చూడవే," అంది రేడియో. భయపడి ఆ షీటు తీసి పరుపు కింద చెక్కల మీద దాచేశాను. తర్వాత అది అయినప్పుడల్లా నేరుగా పరుపులోకే ఇంకిపోయింది. పరుపు ఉతకడానికి లేదు, ఎండబెట్టడానికి ఎండ లేదు. తిరగేసి వేసుకునేదాన్ని. రెండోవైపూ అయ్యాక మళ్ళీ మొదటివైపే. పౌడరు చల్లాను, కలరా ఉండలు పెట్టాను. చివరికి పౌడరు, కలరా ఉండలు, అది, మూడూ కలిసిన వాసన ఒకటి తయారైంది.

"మన గదిలో ఏదో కంపు కొడుతోంది," అని రేడియో వార్డెన్‌కి ఫిర్యాదు చేసింది. "కిటికీ వెనక డ్రైనేజీ పొంగుతోందనుకుంటా మేడం."

వార్డెన్ పనివాళ్ళని పిలిపించింది. ఇద్దరు మనుషులు వానలో తడుస్తూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మా కిటికీ కింద మూతలు ఎత్తి, వెదురుబద్దలు దింపి, మట్టి తోడారు. ఆ గది నుంచి ఈ గది నుంచి పిల్లలంతా ముక్కులు మూసుకుని చూడ్డానికొచ్చారు. నేనూ వాళ్ళ మధ్య నిలబడి చున్నీతో ముక్కు మూసుకున్నాను. "ఛీ, ఎలా ఉంటున్నామో ఇందులో," అని కూడా అన్నాను. పైకొచ్చిన మనిషి చేతులు కడుక్కుంటూ, "ఈ లైను బాగానే ఉందమ్మా. కంపు దీన్లోది కాదు," అన్నాడు. ఆ మాట వినపడనట్టే గదిలోకి వచ్చేశాను.

అమ్మ రోజూ ఫోన్ చేసేది. "అది?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదని చెప్తున్నాగా. మెస్సుకి టైమైంది, పెట్టేస్తున్నా."

నెలన్నర అలా గడిచింది.

ఒక ఆదివారం పొద్దున్నే ఎండ కాసింది. కళ్ళు చిట్లించుకునేంత ఎండ. నేను స్నానానికి వరసలో ఉన్నాను. వార్డెన్ కింద నుంచి గట్టిగా అరిచింది. "ఎండ ఉండగానే పరుపులన్నీ డాబా మీదకి! నల్లులు పట్టాయి ప్రతి గదిలో. ఒక్క పరుపు కూడా లోపల ఉండటానికి వీల్లేదు!"

వరస వదిలేసి గదికి పరిగెత్తాను. అప్పటికే మంచం ఖాళీ. రేడియో నా మంచి కోరి, తన పరుపుతో పాటు నాదీ మోసుకుపోయింది.

మెట్లెక్కుతుంటే పైన నవ్వులు వినిపించాయి. డాబా నిండా పరుపులు. అన్నీ కాస్త అటూఇటూగా ఒకే రంగు. పిట్టగోడ పక్కన ఒకటి మాత్రం మధ్యలో పసుపుపచ్చగా, అంచుల దగ్గర గోధుమరంగుగా, ఒకదాని మీద ఒకటి వలయాలు వలయాలుగా. అది నాదని నాకే ఒక్క క్షణం తెలియలేదు. పగటి వెలుగులో దాన్ని నేనెప్పుడూ చూడలేదు. పరుపుకి అంటుకుని వచ్చిన రబ్బరు షీటు పక్కనే పడి ఉంది. ఒకమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేంటే, చంటిపిల్లల షీటు! ఎవరికే బాబు పుట్టింది?"

గొల్లున నవ్వారు. ఇంకొకరు, "ఇదెవరి పరుపు?" అన్నారు.

నేను మెట్ల తలుపు దగ్గర నిలబడిపోయాను. రేడియో నన్ను చూసింది. ఆ పిల్ల మొహంలో ఒక్కొక్కటే తెలుస్తూ రావడం నాకు కనిపించింది. అలారం. తెల్లవారుజాము ఉతుకుడు. డ్రైనేజీ. నోరు తెరిచింది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆగని ఆ పిల్ల నోరు మూసుకుని నేలచూపులు చూసింది. అది చూసి మిగతావాళ్ళు నావైపు తిరిగారు. నవ్వులు ఆగిపోయాయి.

వాళ్ళు నవ్వుతూనే ఉంటే బాగుండేదనిపించింది.

పర్సు తీసుకుని గేటు దాటాను. ఎవరికీ చెప్పలేదు. మొదట దొరికిన మా ఊరి బస్సెక్కి నాలుగు గంటలు కిటికీ రాడ్డుకి నుదురు ఆనించి కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాన్న గది తలుపు వేసి ఉంది, డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతున్నాడు. నాన్నమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. అమ్మ మిషను తొక్కుతోంది. నన్ను చూసి కాలు ఆపింది.

"అదేంటే, చెప్పాపెట్టకుండా?"

"సెలవిచ్చారు."

అమ్మ నా చేతుల వైపు చూసింది. సంచి లేదు. కాలర్‌లో దిగిన సూది అలాగే వదిలేసి లేచింది. "వంటింట్లోకి రా."

అంతా చెప్పాను. పూర్తయ్యాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమంది చూశారు?"

"అందరూ."

"షీటు తియ్యొద్దని చెప్పానా లేదా? నీకెంత నిర్లక్ష్యమే! ఇన్నేళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని దాచుకొస్తే..."

అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. "నిన్నెవరు దాచమన్నారు? పద్దెనిమిదేళ్ళు నన్ను చంటిపిల్లలా లేపావు. ఒక్కరోజైనా నా అంతట నన్ను లేవనిచ్చావా? నువ్వు లేపి లేపే నేనిలా తయారయ్యాను. అంతా నీ వల్లే. నేనింక ఆ కాలేజీకి వెళ్ళను."

అమ్మ గట్టు మీద గిన్నె ఒకటి తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

"నా వల్లే అయ్యుంటుంది," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మెట్ల మీద నుంచి జారి పడ్డాను. అప్పుడే నీకు లోపలేదో దెబ్బ తగిలుంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే చెప్తున్నాను."

నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది. అప్పుడు వెనక నుంచి నాన్నమ్మ గొంతు వినిపించింది. ఖాళీ టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉంది.

"ఏంటే అమ్మాయ్ ఆ ఏడుపు? పక్క తడుపుతోందనేనా?"

అమ్మ గబగబా వీధి తలుపు వైపు చూసింది.

"మీకెవరు చెప్పారత్తయ్యా?"

"ఒకరు చెప్పేదేంటి? చెవులు మందమైతే ముక్కు కూడా మందమా? ఈ ఇంట్లోనే కదా ఉంటున్నాను. వాళ్ళ నాన్న పోలికే అది. వాడినీ పెళ్ళి కుదిరేదాకా రోజూ నేనే లేపాను. ఇక పెళ్ళయ్యాక ఏం చేస్తాడ్రా దేవుడా అని నాకు ఒకటే దడ. ఆ ఏడే ఆగింది." గ్లాసు గట్టు మీద పెట్టింది. "నీకు చెప్పే ఉంటాడనుకున్నానే."

"అమ్మా, ఊరుకో."

నాన్న. బనీనుతో, నిద్ర కళ్ళతో ఆవిడ వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

అమ్మ నాన్న వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "దీని చిన్నప్పుడు రోజూ పొద్దున్నే మీరొచ్చేసరికి నేను దుప్పట్లు ఆరేస్తూ ఉండేదాన్ని. చూసేవారు కదా?"

"చూసేవాణ్ణి."

"ఎందుకని అనుకునేవారు?"

నాన్న తలుపు చెక్క మీద పెచ్చు ఊడిన చోట గోటితో గీరుతూ నిలబడ్డాడు. "తగ్గిపోతుందిలే అనుకున్నా. నాకు తగ్గింది కదా అని."

"అది నాకు తెలియదు కదండీ."

"ఎలా చెప్పమంటావే నీకు?"

"నాకు చెప్పకపోతే పోయింది. దానికి చెప్పాల్సింది," అంది అమ్మ.

అంతే. కొంగుతో మొహం తుడుచుకుని మా మధ్య నుంచి వెనక గదిలోకి వెళ్ళి పడుకుంది. దీపాలు పెట్టే వేళైనా లేవలేదు. నాన్న అన్నం వండాడు, అడుగంటింది. నాన్నమ్మ అదే తిని, "మిషను మీద గుడ్డ కప్పండి, దుమ్ము పడుతుంది," అని మాత్రం అంది. అమ్మ మర్నాడు బాగా పొద్దెక్కేదాకా నిద్రపోయింది. అమ్మ అలా నిద్రపోవడం నేను పుట్టాక చూడలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్ళి ఊపిరి తీస్తోందో లేదో చూశాను.

అమ్మ అలా పడుకున్న రాత్రి నాన్న డ్యూటీకి వెళ్ళలేదు, నేను ముందు గదిలో నాన్నమ్మ పక్కన పడుకున్నాను. ఒంట్లో బాలేదని డిపోకి ఫోన్ చేశాడు. రెండింటికి నన్ను లేపింది ఆయనే. లోపలికి రాకుండా, గుమ్మం అవతల నిలబడి పిలిచాడు. ఎంతసేపు పిలిచాడో తెలియదు. నేను లేచేసరికి గొంతు బొంగురుపోయింది.

మర్నాడు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చీటీ రాసే కౌంటరు దగ్గర "ఏం ప్రాబ్లం?" అని అడిగితే, నాన్న వెనక్కి ఒకసారి చూసి, "కడుపు నొప్పి," అన్నాడు. డాక్టరు మాకంటే ముందున్నవాళ్ళతో విసిగిపోయిన పెద్దాయన. జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఎప్పటి నుంచి నొప్పి?"

నాన్న గోడ మీది బొమ్మ వైపు చూశాడు. కిడ్నీల బొమ్మ. ఆయన చెప్పడని అర్థమైంది.

"నొప్పి కాదండీ," అన్నాను. "రాత్రిపూట పక్క తడుస్తుంది."

ఇల్లు దాటాక ఇంకొకరికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. డాక్టరు ముక్కు చీదుకుని, "చిన్నప్పటి నుంచా, మధ్యలో మొదలైందా?" అని అడిగాడు. మంట ఉందా, జ్వరం వస్తుందా, పగలు ఎలా ఉంటుంది, నీళ్ళెన్ని తాగుతావు అని అడిగాడు. మధ్యాహ్నం నుంచి తాగనని చెప్తే, "అది తప్పు. పగలంతా బాగా తాగు, పడుకోబోయే ముందు మానెయ్," అన్నాడు. తర్వాత కాగితం మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా? అమ్మకి, నాన్నకి?"

నేను నాన్న వైపు చూడలేదు. నా చేతులే చూసుకుంటూ కూర్చున్నాను.

"నాకు," అన్నాడు నాన్న.

"ఎన్నేళ్ళ దాకా?"

"ఇరవై మూడు."

"ఆఁ, అదే కారణం. వంశంలో వస్తుంది. చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పరు." డాక్టరు రాసుకుంటూ పోయాడు. ఆయనకి అది తుమ్ము లాంటి సంగతే. నాన్న చొక్కా వీపు మీద చెమటతో అతుక్కుపోయింది. "మాత్రలు రాస్తున్నాను. నెమ్మదిగా తగ్గుతుంది. అమ్మ కడుపులో దెబ్బలు అవీ ఏం కావు," అన్నాడు, ఆ సంగతి నేనడిగాక.

బయట టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాం. నాన్న టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"డిపోలో డ్రైవర్లందరికీ ఒక పెద్ద గది ఉంటుంది," అన్నాడు. "పగటి బస్సు తోలినవాళ్ళు రాత్రి అందులో పడుకోవాలి. వరసగా ఇరవై మంచాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్క రాత్రి పడుకున్నాను అక్కడ."

నేను బెంచీ మీద ఆయన వైపు జరిగాను.

"మర్నాడే నైట్ డ్యూటీ వేయించుకున్నా. రాత్రంతా తోలితే ఎవరి మధ్యా పడుకోనక్కర్లేదు. పగలు ఇంటికొచ్చి గది గడియ పెట్టుకోవచ్చు. తర్వాత అది తగ్గింది. కానీ భయం తగ్గలేదు తల్లీ. అలాగే ఉండిపోయా." చల్లారిన టీ పారబోసి అన్నాడు. "మీ అమ్మ నైట్ అలవెన్సు కోసం అనుకుంటుంది."

నాన్న మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆయన ముందే ఒక్కమాట చెప్పి ఉంటే అమ్మ అన్నేళ్ళు మనసులో మళ్ళీ మళ్ళీ ఆ మెట్ల మీద పడుతూ ఉండేది కాదు. కోపం వచ్చింది కూడా. కానీ ఇరవై మంచాల గదిలో తెల్లవారకముందే లేచి, తడి దుప్పటి చంకలో పెట్టుకుని తలుపు వైపు నడిచే కుర్రాడు నాకు బాగా తెలుసు. వాడిని ఏమనగలను?

మూడో రోజు హాస్టల్‌కి నాన్నే దింపాడు. గేటు దగ్గర ఆగిపోయి, "నేను లోపలికి రావాలా?" అని అడిగాడు. "వద్దులే నాన్నా," అన్నాను. ఆయన మొహం తేలికపడింది.

వరండాలో కూర్చున్న పిల్లలు నన్ను చూసి మాటలు ఆపారు. తర్వాత అందరూ ఒకేసారి, అవసరం లేనంత ప్రేమగా, "వచ్చావా? భోంచేశావా? నోట్సు మేమిస్తాంలే," అన్నారు. గదిలో నా మంచం మీద కొత్త పరుపు ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. రబ్బరు షీటు ఎవరో శుభ్రంగా కడిగి, మడతపెట్టి తలగడ కింద ఉంచారు.

రేడియో తన మంచం మీద గోళ్ళు కత్తిరించుకుంటోంది. వానల గురించి చెప్పింది, మెస్సులో కూరలో దొరికిన పురుగు గురించి చెప్పింది, కెమిస్ట్రీ మేడంకి ట్రాన్స్‌ఫర్ అంటున్నారని చెప్పింది. ఒక్క ఆ సంగతి చుట్టూ మాత్రం, బురదగుంట పక్క నుంచి నడిచినట్టు జాగ్రత్తగా తిరిగి వెళ్ళింది.

ఆ మొహమాటం భరించడం నా వల్ల కాలేదు. "డ్రైనేజీది కాదు ఆ వాసన," అన్నాను.

కత్తిరించడం ఆపింది. "తెలుసు."

"నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మందు వాడుతున్నాను. రాత్రి ఒకసారి ఎవరైనా లేపాలి. నాకు అలారం వినపడదు."

"నాకు వినపడుతుంది కదా," అంది రేడియో. "మొదటి రోజే చెప్పుంటే అప్పుడే లేపేదాన్ని. చదువుకోవడానికన్నావు. చదువు కోసం మనిషిని నిద్ర లేపితే పాపం కదా అని వదిలేశాను." లేచి తలుపు దగ్గరకి వేసింది. "కానీ నువ్వు మామూలుగా పిలిస్తే లేవవు తల్లీ. లేవకపోతే మొహాన నీళ్ళు కొడతాను, ముందే చెప్తున్నా."

"నీళ్ళు మాత్రం వద్దే."

మాట బయటికొచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు నవ్వింది నేనే. కడుపు పట్టుకుని నవ్వి, చివరికి ఏడ్చేశాను. రేడియో ఓదార్చలేదు. ఏం చెయ్యాలో తెలియక, మిగిలిన గోళ్ళు కత్తిరించుకుంది.

అంతటితో సిగ్గు పోలేదు. ఆ ఏడంతా కొత్తవాళ్ళెవరైనా నన్ను చూసి నవ్వితే, వీళ్ళకీ తెలుసేమో అనుకునేదాన్ని. 'ర్యాంకు' అని పిలవడం అందరూ మానేశారు. ఇంకో పేరేదైనా పెట్టారో లేదో, నా ముందైతే ఎవరూ అనలేదు. తడవడం మాత్రం తగ్గుతూ వచ్చింది. మొదట్లో వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి.

పరీక్షలయ్యాక సెలవులకి ఇంటికి వెళ్ళాను. అప్పటికి నాన్న పగటి డ్యూటీకి మారాడు. తనే అడిగి మారాడట. సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చే రూటు. ఆ మార్పు గురించి అమ్మా ఆయనా ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వంటింట్లో ఆ రోజు తర్వాత అమ్మ ఆయనతో చాలా రోజులు అవసరమైన మాటలే మాట్లాడిందని నాన్నమ్మ చెప్పింది. నేను వెళ్ళేసరికి కాస్త మెత్తబడినట్టే ఉంది. రాత్రిపూట ఇంట్లో ఎక్కడ పడుకోవాలో నాన్నకి తెలియలేదు. తలగడ పట్టుకుని ఆ గదిలోకీ ఈ గదిలోకీ తిరిగాడు. "చుట్టంలా ఆ తిరుగుడేంటి? ఇక్కడ పడుకోండి," అని అమ్మ వెనక గదిలో కింద పక్క వేసింది. గోడవైపు నేను, మధ్యలో అమ్మ, గుమ్మం వైపు నాన్న.

పొద్దున్న వెలుతురు వచ్చాక మెలకువ వచ్చింది. అమ్మ లేచి వెళ్ళినట్టుంది, మధ్యలో ఖాళీ. నాన్న ఇంకా నిద్రపోతున్నాడు. ఆయన నిద్రపోతుండగా చూడటం నాకదే మొదటిసారి. వీధిలో ఏదో బండి హారను మోగింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో కూడా చూసుకోకముందే ఆయన చెయ్యి దుప్పటి కిందకి వెళ్ళి, నడుం కింద పక్కని అటూఇటూ తడుముకుంది. నలభై ఏడేళ్ళ మనిషి. నేను రోజూ కళ్ళు తెరవగానే ముందుగా చేసే పని అదే.

తల తిప్పి నన్ను చూశాడు. చూశానని తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోకుండా అలాగే ఉంచాడు.

"పొడిగానే ఉందా నాన్నా?" అన్నాను.

కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"ఉంది," అన్నాడు. "నీదో?"

నేనూ తడిమి చూసుకున్నాను.

"ఇవాళ్టికి పొడే."